ఒరిగిన టేకు

కాలువగట్టు వేలంలో పాడుకున్న దుంగ
సగం దాకా తెగి, రంపాన్ని కరిచి పట్టుకుంది.
పళ్ళ నిండా పత్తిలాంటి పీచు.
"మొండి ఘటమమ్మాయ్, నీ సైన్సేవంటాది?"
మోటారాపి అడిగాడు గుబ్బల ధనరాజు.
ముమ్మిడివరం రోడ్డులో మా సామిల్లు.
నాన్న టేపు పడతాడు,
డిగ్రీ మధ్యలో ఆపిన నేను లెక్క రాస్తాను.

మొదలు కోతమీద నీళ్ళు చల్లి చూశాను.
దవ్వ మధ్యలో లేదు.
కిక్కిరిసిన బస్సులో చోటిచ్చిన ముసలమ్మలా
ఓ పక్కకి ఒదిగిపోయింది.
పైవైపు వలయాలు వెడల్పు,
కిందవైపు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ.
బొటనగోటితో వెనక్కి లెక్కపెట్టాను.
తొంభై ఆరు.
దీపావళి నాలుగురోజులుందనగా వచ్చిన తుపాను.

ఆ రాత్రి ఒరిగింది.
అప్పట్నించీ పైవైపున మోకులు పేనుకుంటోంది,
తనని తనే ఒడ్డుకి లాక్కునే పడవలా.

"చెట్టుకెవరు చెప్తారే?" అన్నాడు నాన్న.

చిగుళ్ళు నాన్నా.
లాకులెత్తాక శివారు చేలకి నీరందినట్టు
చిగుళ్ళ కబురు కిందికి దిగుతుంది.
పుస్తకంలో దాని పేరు ఆక్సిన్.
బెరడుకీ చెక్కకీ నడుమ
లేతబొండంలో మీగడకన్నా పల్చటి పొర
ఆ కబురు విని చీలుతుంది,
లోపలికి చెక్కనీ బయటికి బెరడునీ కంటుంది.
లోపల పుట్టింది గోడలు కట్టుకుని, దిట్టం చేసుకుని,
ఉన్నదంతా ఊడ్చేసుకుని చచ్చిపోతుంది.
చచ్చాకే దానికి పని, నీళ్ళు మొయ్యడం.
కాలువలు కట్టేసిన వేసవిలో
ఆకు రాల్చి ఊరుకుంటుంది, అదిగో ఆ గీత.
నీళ్ళొదిలాక ఇదిగో, సూది దూరేంత కన్నాలు.

చుట్టూ కొబ్బరిచెట్లకి ఈ గొడవ లేదు.
ఆ పొరే లేదు వాటికి.
ఏ ఏడాదినీ రాసుకోవు.

"బానే ఉంది గానీ, దూలానికి పనికొచ్చేదెంత?"
వంకర కొట్టేసి పదకొండడుగులు రాశాను.
లాగి లాగి బిగిసిన చెక్కంతా
ఇటుకబట్టీకి.

ధనరాజు కోతలో చీలిక దిగ్గొట్టాడు.
రంపం వదిలింది.
తెగిన పైపలక చప్పుడు లేకుండా వంగింది,
వేలెడంత,
అన్నేళ్ళూ లేవాలనుకున్న వైపుకి.