గడ కోసిన దొరసాని

దేవరకొండ దాటినంక, డిండి వాగు మలుపులో
కంది చేను గట్టున బోర్లా పడ్డ రాయి.
నలుగురం పట్టి తిరగేస్తే
కింద ఒక తేలు, తెల్లటి వేర్లు,
ఇంకా కింద కొమ్మసాని.

తడి కాగితం అద్ది బ్రష్షుతో కొడుతూ
ఒక్కొక్క అక్షరాన్నీ లేపుతున్నాను.
స్వస్తిశ్రీ లేచింది.
శకవర్షం లేచింది, నెల దగ్గర రాయి పెచ్చు ఊడింది.
మగని బిరుదులు మూడు. ఆమెవి ఐదు.
ధర్మానికి తల్లి, అర్థులకు కల్పవల్లి...

చేను ఈదమ్మది.
గొంతుక్కూర్చుని వక్క నములుతోంది.
"ఏం రాసిండ్రు సారూ?"
చదివాను.
తుపుక్కున ఉమ్మింది,
రాయికి ఇవతల, కొంచెమే ఇవతల.
"కల్పవల్లా?
గడ కోసిన దొరసాని గాదు అది!"

పన్నెండేండ్లకు పల్లకి దిగిందట.
అరణమిచ్చిన ఏనుగు తొవ్వలనే సచ్చిందట.
మగడు పానగల్లు కొలువుల,
ఏడాదికి పది నెలలు గుర్రం మీదనే.
తాళాలు ఈమె బొడ్ల.
ఐదుగురిని కన్నది, ఇద్దరు దక్కిండ్రు.
నేల కొలిచే గడను ఒకనాడు తెప్పించి
కొసకు మూరెడు కోయించింది.
భూమి పెరగలే, పన్ను పెరిగింది.
కట్టలేనోని చెలక కోటల కలిసింది.

కోసిన ముక్కను పారేయలేదట,
చంటిదాని ఊయలకు అడ్డకర్ర చేయించిందట.
(మిగతాది ఏమో గానీ
ఇది మాత్రం నేను నమ్మాను.)

"బొల్లయకు పుట్టెడు నేల పోయింది.
నలుగురన్నదమ్ములు. మాగమాసం, మంచు.
నీళ్లర్రల రాతిపీట మీద
దొరసాని తలంటుకుంటున్నది.
కండ్ల నిండ కుంకుడు నురుగు.
అడుగుల సప్పుడిని
'ఉడుకునీళ్లు తెచ్చినవానే?' అన్నది.
గంతే."

పుట్టెడు నేల పోయినోడు
పుట్టి ఎక్కి కృష్ణ దాటిండు.
రేవుల ఉన్నది ఒక్కటే పుట్టి.
అవతల దిగి, దాని తోలు నిలువునా చీరి
నీళ్లకిచ్చిండు.
తరిమినోళ్లు గుర్రాలకు నీళ్లు తాపి
ఎనకకు మళ్లిండ్రు.

శాసనం చివరికి వచ్చాను.
తల్లి పుణ్యానికని కొడుకు ఇచ్చిన మడిమాన్యం, నాలుగు మర్తురులు.
ఈ భూమి హరించినవాడు
అరవై వేలేండ్లు మలంలో పురుగై పుట్టును.
ఈదమ్మ నమలడం ఆపింది.
"ఎవల భూమి?"
అది రాయలేదు.

కాగితం ఆరేలోగా
ఆమె రాయి పక్కవాటం మట్టి గోరుతో గీకుతోంది.
అక్షరం కాదు. ఒట్టి గీత.
రెండు కొసలా ఉలి దెబ్బ.
నా కొలతల పుస్తకంలో దానికి గడి లేదు.

మోచేయి ఒక కొసకు ఆనించి
చెయ్యి చాపింది.
నడిమేలు గోరు కాడ
గీత ఆగింది.

చాలాసేపు అట్లనే ఉంచింది చెయ్యి.
తర్వాత లేచి, కొంగు దులుపుకుని,
"మళ్ల పండబెట్టున్రి. కంది కొయ్యాలె.
గీ పక్క మీదికుండాలె."