రెండు గడియలు

ఫిన్లాండ్ తూర్పు కొసన, సరస్సు గట్టిపడ్డ నెలలో
శనివారం పొద్దున్నే పదమూడేళ్ల లోపు పిల్లల ఆట.
నేను స్కోరు బల్ల దగ్గర కూర్చుంటాను.
ఎడమన ఒక పెనాల్టీ బాక్సు, కుడిన ఒకటి,
తలుపుల గడియలు రెండూ నా చేతికిందే.
మా భాషలో పెనాల్టీకి వాడే మాట
శిక్షలోంచి రాలేదు, చల్లారడంలోంచి వచ్చింది.
పాలు పొంగితే పొయ్యి మీంచి దించుతామే, అలాగ.

ముప్పై ఒక్క ఏళ్లు పోస్టాఫీసులో పార్సెళ్లు తూచాను.
గ్రాము పెరిగితే స్టాంపు మారేది,
మొహం చూసి మార్చింది లేదు.
అందుకే నన్నిక్కడ కూర్చోబెట్టారేమో,
లేకపోతే థర్మోసు నిండా కాఫీ తెస్తాననో.

రెండో పీరియడ్, పదకొండో నిమిషం.
కాస్పెరి, యూసో గోలు ముందు తోసుకున్నారు.
చెరో రెండు నిమిషాలు వేసింది పిన్యా.
రిఫరీకి పదిహేడేళ్లు,
మొన్నటిదాకా ఈ తలుపులోంచే మంచు మీదికి దూకిన పిల్ల,
చారల చొక్కా ఇంకా భుజాల మీద నిలవదు.

ఎడమన కాస్పెరి. కుడిన యూసో.
కాస్పెరికి మాట తడబడుతుంది.
పేరు చెప్పమంటే మొదటి అక్షరం దగ్గరే
తలుపు బిగుసుకుపోతుంది.
యూసో అద్దం మీదికి వంగి, నా తల మీదుగా,
నవ్వుతూ, నింపాదిగా,
"క... క... క..."
అంతే. బూతు కాదు.

నేను విన్నాను.
విని, గడియారం చూశాను.
ఇంకా నలభై సెకన్లు.
పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాను.
పిల్లలన్నాక, అనుకున్నాను.
టైమవగానే రెండు గడియలూ ఒకేసారి లాగాను.

తర్వాతది అందరూ చూశారు.
మూలన పక్ కోసం వంగిన యూసో వీపు,
వెనకనుంచి కాస్పెరి, చేతులూ కర్రా ఒకటై.
బోర్డు మోతకి
బన్నులమ్మే ఆయన కూడా తల తిప్పాడు.
యూసో లేవలేదు.
గ్లవ్ ఒకటి దూరంగా, ఇంకెవరిదో చెయ్యిలా.

పిన్యా చెయ్యెత్తింది.
చెయ్యి వణికింది, గొంతు వణకలేదు.
ఐదు నిమిషాలు. ఆట నుంచి బయటికి.
"సీజనంతా తీసెయ్యండి వాణ్ని!" ఒక తల్లి.
"మావాడు ఊరికే తగిలాడు!" ఒక తండ్రి.
ఇద్దరూ ఒకే బెంచీ మీద,
రోజూ పంచుకునే దుప్పటి మధ్యలో జారిపడి ఉంది.

కాస్పెరి నా బల్ల ముందునుంచే వెళ్లాడు.
పెదవులు కదిలాయి. ఏదో మొదలై
మొదట్లోనే ఉండిపోయింది.

రిపోర్టులో పిన్యా తన భాగం రాసింది:
వెనకనుంచి, బోర్డుకేసి, ప్రమాదకరంగా.
ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు.
"ఆటగాడి వివరణ" అన్న గడి ఖాళీ.
స్కేట్ల లేసులు విప్పుకుంటూ అడిగింది,
"మీరేమైనా చూశారా?"
చూళ్లేదు, అన్నాను.
విన్నాను.

కాలు జారితే తీసుకోవచ్చు,
నోరు జారితే తీసుకోలేం అంటారు.
ఇక్కడ అందరూ కాలు జారేవాళ్లే, లేచేవాళ్లే.
నోటికి మాత్రం మేం గడియారం పెట్టలేదు.

రాశాను.
ఆ మాటతో ఈ దెబ్బ బరువు తగ్గదనీ రాశాను.
యూసోకి విరిగింది మెడ కింది ఎముక,
కారణం చెబితే ఎముక అతుక్కోదు.
కానీ ఒక్క పళ్లెమే ఉంటే
దాన్ని తక్కెడ అనరు.

కాస్పెరికి నాలుగు ఆటలు.
యూసోకి ఒకటి, భుజం బాగయ్యాక లెక్క.
ఎక్కువన్నారు. తక్కువన్నారు.
రెండు వారాలు నా కాఫీ ఎవరూ తాగలేదు.
నా నలభై సెకన్లకి మాత్రం
ఎవరూ ఏమీ వేయలేదు.

ఫిబ్రవరిలో కాస్పెరి మళ్లీ వచ్చాడు.
ఎవరి కాలికో కర్ర అడ్డం పెట్టాడు, రెండు నిమిషాలు.
కిక్కురుమనకుండా కూర్చున్నాడు, హెల్మెట్‌లోంచి ఆవిరి.
టైమైంది. గడియ మీద చెయ్యి వేశాను.
"త..." అన్నాడు నావైపు తిరిగి. "త... త..."
బెంచీ నుంచి కోచ్ అరుస్తున్నాడు.
నేను లాగలేదు.
"...తలుపు," అన్నాడు.
తీశాను.

ఆ మూడు సెకన్లూ
నేనే కాగితం మీదా రాయలేదు.