తరుగు

దామలచెరువులో మామిడి మండీ మీద
రేకుల గదిలో నా ఆఫీసు.
కింద తోతాపురి దిగుతా ఉంటుంది,
పైన నేను మోడల్‌కి టెస్టులు రాస్తా ఉంటాను.
"లోడు" అని దాని పేరు.
రైతు, రకం, నిండు బండి, వట్టి బండి, ధర.
అయిదు గళ్లు, అంతే.

ముందు చెడ్డ సంగతులే అడగాల.
పేరు లేని లోడు వస్తే? నిలబెట్టు.
బరువు సున్నాకి కిందికి పోతే? నిలబెట్టు.
రకం గడిలో ఎవరైనా "ఊరగాయకి" అని కొడితే?
(నిన్న గుమాస్తా చెంగల్రాయులు కొట్టినాడు.)
అంకెను అక్షరాలుగా ఇచ్చినామా,
పన్నెండుకు ఒకటి కలపమంటే పక్కన అతికించి
నూట ఇరవై ఒకటి అనే భాష ఇది.
దానికీ ఒక టెస్టు.

తూనికల ఆఫీసరు వచ్చి
రాళ్లను ఇంకో రాయితో తూచి ముద్ర కొట్టిపోతాడు కదా,
నాదీ అదే పని అన్నాను.
చెంగల్రాయులు నవ్వినాడు:
"రాయి సరిగ్గానే ఉంటుంది మేడం.
చూడాల్సింది చేతిని."

పదిహేడో టెస్టు.
నిండు బండిలోంచి వట్టి బండి తీసేస్తే నికర బరువు.
మూడో తరగతి లెక్క.
కుప్పమ్మ చీటీ ముందర పెట్టుకుని రాసినాను.
రెండు వేల కిలోలు రావాల.
పందొమ్మిది వందలు వచ్చింది.
తెర ఎర్రగా.

వెతికితే, నాకు ముందు పనిచేసిన పిల్లోడు
రాసిపోయిన ఒకే లైను:
సున్నా పాయింటు తొమ్మిది అయిదు.
ఎందుకో రాయలేదు.
"నూటికి అయిదు తరుగు మేడం,
ఎప్పుడూ ఉండేదే."

మండీ ఓనరు ఫోను:
"పచ్చగా చేసెయ్యి తల్లీ, రేపు బిల్లు ఇస్తా."
పచ్చ చెయ్యడం ఎంత పని!
రెండు వేలు చెరిపి పందొమ్మిది వందలు కొడితే
టెస్టు కూడా అబద్ధం నేర్చుకుంటుంది.

కింద కుప్పమ్మ చీటీ మడిచి బొడ్లో దోపుకుంటా ఉంది.
ఆమెకు లెక్క తెలుసు.
తెలియనిది నా ప్రోగ్రాముకే.

ఆరో గడి పెట్టినాను: తరుగు.
ఖాళీగా వదలకూడదు. చీటీ మీద అచ్చు కావాల.
పద్దెనిమిదో టెస్టు:
పేరు చెప్పకుండా ఒక్క కిలో తగ్గినా నిలబెట్టు.
పచ్చ.

వంద కిలోలు ఆమెకు తిరిగి రాలేదు,
అబద్ధమెందుకు.
మర్సటి వారం కొత్త చీటీ చేతికి రాగానే
కాటా దగ్గరే నిలబడి,
వెనక వరసలో ఉండే వాళ్లందరికీ వినబడేట్టు
పెద్దగా చదివింది.