మలుపు దగ్గర కీచు

పెట్టె కొన్న రోజు
షాపువాడు అడిగాడు, "మనవరాలికా?" అని.
అవునన్నాను.
ఆ అబద్ధాన్ని కూడా పెట్టెతోపాటు
నాలుగంతస్తులు మోశాను.

యాభై రెండేళ్లు నాకు. వూచ్ నగరంలో ట్రామ్ నడుపుతాను.
ఇరవయ్యారేళ్లుగా ఎడమచెయ్యి ఒకే పిడి మీద.
నెడితే పరుగు, లాగితే నిలుపు.

"చెయ్యి తిరగాలండీ" అంటాడు తిమోన్, నా గురువు.
పందొమ్మిదేళ్లు. గడ్డం కింద ఫిడేలు మచ్చ,
దాని పక్కనే ఇంకా మానని మొటిమ.
తిరిగిన చెయ్యే నాయనా ఇది,
కాకపోతే ఊరంతా తిరిగింది,
ఈ నాలుగు తీగల సందులోకే ఎప్పుడూ రాలేదు.

ఫిడేలు మెడ మీద మూడు పచ్చ స్టిక్కర్లు అంటించాడు,
వేళ్లు ఎక్కడ ఆగాలో గుర్తుకి.
స్టాపులు నాకు కొత్తా?
అయినా ప్రతిసారీ దాటేసి ఆగుతాను,
లేదంటే నాలుగడుగులు ముందే.
ఎవరూ దిగరు.

వంటింట్లో వాయిస్తాను, తలుపు కింద తువ్వాలు కుక్కి.
కమానుకి రోజెన్ రాస్తే బల్లంతా తెల్లపొడి.
మా చెల్లెలు ఓటీలియా వచ్చి వేలితో అద్ది చూసి
"ఏం చేస్తున్నావు, పిండివంటలా?" అంది.
అవునన్నాను.
అబద్ధాలు మాత్రం శ్రుతిలోనే పలుకుతున్నాయి.

కమాను ఆన్చగానే
తుప్పుపట్టిన గేటు తనలో తాను తిట్టుకుంటుంది.
ఇంకొంచెం నొక్కితే పైకే తిడుతుంది.

కింది వాటాలో గెనోవెఫా గారు.
ముప్పయ్యేళ్లు మగ్గాల హాల్లో పనిచేసి
రెండు చెవులూ మిల్లుకే అప్పజెప్పి వచ్చిన మనిషి.
ఆవిడకి వినపడదన్నదే నా ధైర్యం.
ఒకరోజు మెట్ల మీద నా మోచెయ్యి పట్టుకుంది.
"రోజూ ఏడింటికి గోడవార గొట్టం మీద చెయ్యి ఆన్చి కూర్చుంటాను.
నిన్న రాలేదేం?"

నిన్న నాకు రాత్రి డ్యూటీ.
అది చెప్పడానికి కూడా నోరు రాక
పాలసీసా పట్టుకుని అలాగే నిలబడ్డాను.
అది ఎంత చల్లగా ఉందో ఇంట్లోకి వచ్చాక తెలిసింది.

నవంబరు చివర. పట్టాలు తడిసి ఉన్నాయి.
పాత సంత దగ్గర మలుపు తిప్పుతుంటే
చక్రం కీచుమంది, ఎప్పటిలాగే.
వెనక సీట్లో పాప చెవులు మూసుకుంది, ఎప్పటిలాగే
ఎవరో ఒకరు మూసుకున్నట్టే.
నాకు మాత్రం వీపు నిటారైంది.
అది నా సన్నతీగ.
రెండో స్టిక్కరుకి వెంట్రుకవాసి పైన.
రోజుకి పద్నాలుగు సార్లు
ఈ ఇనుము నాకు శ్రుతి అందిస్తూనే ఉంది,
నేను అద్దాలూ బ్రేకులూ చూసుకుంటూ కూర్చున్నాను.

తిమోన్ నవ్వుతాడనుకున్నాను.
శనివారం వచ్చి నా ట్రామ్ ఎక్కాడు.
మూడు రౌండ్లు నిలబడే తిరిగాడు, కళ్లు మూసుకుని,
టికెట్ తనిఖీకి వచ్చినాయన భుజం తట్టినా పలక్కుండా.
దిగేటప్పుడు తేల్చాడు:
"పావుస్వరం తక్కువండీ."
ఎవరిది తక్కువ, చక్రానిదా, నాదా?
తలుపులు మూసేశాను, వెనక ఇంకో ట్రామ్ గంట కొడుతోంది.

ఒక్కసారి, మంగళవారం, ఒకే ఒక్క స్వరం
ఏ గీతా లేకుండా నిలబడింది.
ఊపిరి బిగబట్టినంత సేపే.
మళ్లీ ఎంత వెతికినా దొరకలేదు.
ఆ తర్వాత నేనూ వెళ్లి గొట్టం మీద చెయ్యి ఆన్చి చూశాను.
వేడి తప్ప ఏమీ తెలియలేదు.
ఆవిడ చెయ్యి వేరు.

మొన్న సన్నతీగ తెగింది. షాపుకి వెళ్లాను.
"మనవరాలు ఎలా వాయిస్తోంది?" అన్నాడు, గుర్తుపెట్టుకుని.
చెంప మీద తీగ గీసిన ఎర్రచార
మఫ్లరులో దాచుకుంటూ చెప్పాను:
"ఇంకా స్టాపు దాటేసే ఆగుతోంది.
రెండు తీగలు ఇవ్వండి."