జంగాలపల్లి కాడ ఎడమకు

అందరి కార్లు రామప్పకు పోతున్నయి.
జంగాలపల్లి కాడ
కౌసర్ స్కూటీని ఎడమకు తిప్పింది.
"అటేమున్నది?"
"తెల్వదు. గందుకే."

రెండు రోజుల సెలవు.
చున్నీల ఇంకా
ఎమ్జీఎం వార్డు వాసన.

తొవ్వ మీద మిరపకాయలు ఆరబోసిండ్రు,
సగం రోడ్డు మాది, సగం ఎరుపుది.
తుమ్ముకుంట, నవ్వుకుంట
కట్ట దిగంగనే పంక్చరు.

ట్యూబును నీళ్లల్ల ముంచి
బుడగలు ఎతుక్కుంట ఓదెలు అడిగిండు:
"ఎవలింటికి వచ్చిండ్రు?"
ఎవలింటికీ కాదంటే నమ్మలే.
"ఊరికెనే వస్తరా ఎవలన్న,
మా ఊరికి?"

ఇరవై రూపాయలు తీస్కొని
దోసెడు పరికిపండ్లు పోసిండు.

గుడి చూడనే లేదు.
మాపటీలి చెక్‌పోస్టు కాడ టార్చి కొట్టి
ఎక్కడి నుంచి అన్నరు.
కౌసర్ గింజ ఉమ్మి చెప్పింది:
"ఓదెలింటి నుంచి."