తొయ్యడానికి ఒకడు

ఆదివారం ఆటోనగర్ షట్టర్లు దించుకుని పడుకుంటుంది.
నూనె తాగి నల్లబడ్డ మట్టి మాత్రం
ఎండెక్కకముందే వాసన మొదలెడుతుంది.
జానీబాషా షెడ్డు ముందు
మూడు పాత కార్లు, అయిదు గ్లాసుల టీ,
బోర్లించిన గ్రీజు డబ్బా మీద నేను.

నాకు కారు లేదు.
స్పేర్ పార్టుల కొట్లో చిట్టా రాస్తాను.
ఏ బోల్టు ఏ అరలో ఉందో తెలుసు,
బండి నడపడం రాదు.

పిచ్చేశ్వరరావు గారి ఫియట్
స్టీరింగు ఎడమకి తిప్పితే
దానంతటదే హారన్ కొట్టేది.
"బెంజ్ సర్కిల్లో ముందువాడు తిట్టబోయి,
నా నెరిసిన జుట్టు చూసి దణ్ణం పెట్టాడండీ."
"అది రిపేరు కాదు సార్, మర్యాద.
చెప్పి మరీ తిరుగుతోంది" అనేవాడు బాషా.

శేషారత్నం గారు పళ్ళ డాక్టరు.
ఆవిడ అంబాసిడర్ తలుపు
కాస్త పైకెత్తి, తుంటితో ఒక్కటిచ్చి,
"పడవే తల్లీ" అంటేగాని పడదు.
పెట్రోలు ముల్లు ఎప్పుడూ సగం దగ్గరే.
నిండా పోసినా సగం, ఆవిరి మిగిలినా సగం.
తగువు తీర్చే పెద్దమనిషిలా
ఎటూ మొగ్గదు.

ఇమ్మానుయేలు మాస్టారి హెరాల్డ్‌కి
బానెట్టు మొత్తం ముందుకి తెరుచుకుంటుంది,
ఒడ్డున మొసలి నోరు తెరిచినట్టు.
మే నెలలో వారధి నడిమధ్యన ఆగుతుంది.
జ్వరం పిల్లాడి నుదుటికి వేసినట్టు
పంపు మీద తడి తువ్వాలు వేసి,
కృష్ణలో ఇసుక తిన్నెలు లెక్కపెడతాడాయన.
పోయినేడు పదకొండు.
ఈ ఏడు పద్నాలుగు.

రేడియేటర్ కారితే గుప్పెడు పసుపు.
ట్యాంకు చెమరిస్తే బట్టల సబ్బు.
పాయింట్లు మసిబారితే
అగ్గిపెట్టె గరుకు పక్క.
పసుపు దుగ్గిరాలదే అయ్యుండాలని డాక్టరు గారు,
కాదు, కొమ్ములు ఇంట్లో దంచినదే పట్టు ఇస్తుందని మాస్టారు.
టీ రెండో వాయి వచ్చేదాకా
ఆ పసుపు తేలలేదు.

పోయిన నెల పిచ్చేశ్వరరావు గారు
ఫియట్‌ని హైదరాబాదు పంపించారు.
లక్షా ఎనభై వేలు.
కొత్త పెళ్ళికొడుకులా దిగింది.
చుట్టూ తిరిగి చూశాం.
"బాగుంది" అన్నాం.
కాసేపాగి మళ్ళీ "బాగుంది" అన్నాం.
తర్వాత ఎవరికీ మాట దొరకలేదు.
టీ మీద మీగడ కట్టింది.

ఆయనే లేచి, కూర్చుని,
ఎడమకి తిప్పారు. మూడుసార్లు.
టైర్లు నేల మీద రాసుకున్న చప్పుడు తప్ప
ఏమీ లేదు.
"నొక్కితేనే మాట్లాడుతోందండీ," అన్నారు,
ముభావపు కొత్తల్లుడి గురించి చెప్పినట్టు.

బాషా ఏమీ అనలేదు.
బీడీ ఆర్పి, స్క్రూడ్రైవరు చెవి మీంచి తీసి,
స్టీరింగు కింద తల దూర్చాడు.
పావుగంట కాళ్ళే కనబడ్డాయి.
లేచాక డబ్బు అడగలేదు,
ఏం చేశాడో చెప్పలేదు.
డాక్టరు గారు ఆకాశం చూశారు.

ఎండ తగిలింది. బయల్దేరదీశారు.
హెరాల్డ్ ఎప్పటిలాగే గొంతు సవరించుకుని ఊరుకుంది.
నా వైపు ఎవరూ చూడరు,
అడగరు కూడా.
చొక్కా చేతులు మడిచి డబ్బా మీంచి లేస్తాను.
నన్నిక్కడ ఎందుకు కూర్చోనిస్తారో
నాకు తెలుసు.

"రెండో గేరు! వదులుతున్నా!"
మాస్టారి కేక.
వీధి చివర ఫియట్
ఎడమకి తిరుగుతోంది.
బోర్డులు లేచేలా హారన్.
ఆ మలుపులో మనిషి లేడు, కుక్క లేదు.
నేను నవ్వుతూ తోస్తున్నాను, ఊపిరి చాలడం లేదు.

ఇంజను అందుకున్న సంగతి
నడిపేవాడికంటే ముందు
నా అరచేతులకే తెలుస్తుంది.