పక్కవెలుతురు

నరసాపురంలో మా స్టూడియోకి
జనం తమ మొహాలు తెచ్చుకుంటారు.
ఆ రోజు బొక్కా ఏసుపాదం
రుమాలు ముడిలో ఇంకొకరి మొహం తెచ్చాడు,
బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దది.
"అంతర్వేది కింద వలలో పడిందండి.
ఒలందావోళ్ల డబ్బంట.
ఫోటో తీసిత్తే రాజమండ్రి షావుకారు ఖరీదు సెప్తానన్నాడండి."

"చింతపండేసి తోమావా?"
"మా ఆవిడ తోమబోతే లాక్కొచ్చేసేనండి."
బతికించాడు.
ఇన్నేళ్ళూ ఏరు ఓపిగ్గా పూసిన నలుపు
ఒక్క పులుపుతో పోయేది.

బల్ల మీద నల్ల వెల్వెట్ ముక్క,
నూతిలోకి తొంగిచూసే పిల్లాడిలా
తల కిందికి వంచిన కెమెరా.
మేస్త్రీ దగ్గర అడిగి తెచ్చిన రసమట్టం
ముందు కెమెరా వీపు మీద, తరవాత బల్ల మీద.
రెండూ ఒక మట్టానికి రాకపోతే
ఒక అంచు పలుకుతుంది, ఒక అంచు నసుగుతుంది.

ఎదురుగా ఫ్లాష్ కొట్టాను.
తెల్లటి మచ్చ ఒకటి పడి
అక్షరాలన్నీ దాని కింద మునిగాయి.
మేరీరత్నం గారి లేసు గుడ్డ దీపానికి అడ్డం కట్టాను.
వెలుతురు మెత్తబడింది గానీ
లేసు పువ్వులు వెళ్ళి రాగి మీద పూశాయి.
ఏసుపాదం నవ్వాడు. నేనూ.

అప్పుడు ఫ్రేములోంచి అద్దం ఊడదీసి
లెన్సుకీ నాణేనికీ మధ్య ఏటవాలుగా నిలబెట్టి
పక్కనుంచి దీపం వేశాను.
వెలుగు అద్దానికి తగిలి నిటారుగా కిందికి దిగింది.
రంగు పలికింది: తాటిబెల్లం,
అంచున కొంచెం నాచు.

నల్లటిదాన్ని చూస్తే కెమెరాకి బెంగ.
ఇంత చీకటా అని ఎక్కువ వెలుగు తాగేస్తుంది,
రాగి కాస్తా బూడిదవుతుంది.
ఒక మెట్టు దించాను.
వెండి రూపాయైతే ఎక్కించాలి, అది వేరే గొడవ.

పాలకొల్లు బస్సు పోతే బల్ల వణుకుతుంది.
అర సెకను తెరుచుకునే కన్నుకి అదే భూకంపం.
బస్సుని పోనిచ్చి, టైమరు నొక్కి
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

చివరికి దీపాన్ని బల్ల మట్టానికి దించాను.
పొద్దుపొడుపు వేళ దున్నిన చేలో
ఒక్కో బెడ్డా తన నీడతో లేచినట్టు
అరిగిన గీతలు లేచాయి,
ఒకదాని మీదొకటి ఎక్కిన మూడక్షరాలు లేచాయి,
వాటి పైన, ఎవరూ పిలవకుండానే,
గుండ్రటి పల్లం.

చిల్లు.
ఎవరో సీసం పోసి పూడ్చి, నలుపు అద్ది మరిపించారు.
అద్దం వెలుగులో అది లేదు.
పక్కవెలుతురులో అదే ఉంది.

"ఇది చూస్తే చిల్లుకాణీ అంటాడు షావుకారు.
అద్దం ఫోటో ఒక్కటే పంపుదామా?" అన్నాను.
పెళ్ళిచూపుల ఫోటోల్లో అమ్మవారి మచ్చలు
పెన్సిలుతో పూడ్చిన చెయ్యి నాది,
దానికి ఆ మాట తేలిగ్గానే వచ్చింది.

ఏసుపాదం తెర మీదికి వంగి చాలాసేపు చూశాడు.
"గుండ్రం కాదండి ఇది, పైకి సాగింది.
మా పడవ కడియం ఇట్టాగే అరుగుద్ది,
తాడు లాగే వైపు.
దీన్ని మొలతాడుకి కట్టేరండి, శానా ఏళ్ళు.
అంత అరగాలంటే ఆ పిల్లోడు బాగా పరిగెత్తుండాలి."
కాసేపాగి,
"ఆ సిల్లు బాగా తీయండి" అన్నాడు.

ఫోకస్‌ని వెంట్రుకవాసి చొప్పున కిందికి దించుతూ
పదకొండు తీశాను,
అక్షరాల నెత్తి నుంచి నాణెం నేల దాకా.
అన్నీ కలిపి ఒకటి చెయ్యాలి, పద్ధతి అది.
తొమ్మిదో దాని దగ్గర ఆగిపోయాను.
అక్షరాలు మసక, ఒలందా మసక, ఖరీదు మసక,
దారం తిన్న ఆ అంచు ఒక్కటే
సూదిమొనలా ఉంది.

షావుకారుకి ఏది పంపాడో నేనడగలేదు.
అయిదొందల నోటు ఇచ్చాడు, నా దగ్గర చిల్లర లేదు.
"రేపొచ్చి ఇత్తానండి, ఆయ్" అని
నాణేన్ని మొల దగ్గర దోపుకుని
రేవు వైపు వెళ్ళిపోయాడు.